దేవుడు క్షమిస్తాడులే అనే ముందు

ఈ పోస్టు కాస్త పెద్దదే. పిల్లల్ని స్కూల్లో దించి, మళ్లీ తీసుకురావడానికి మధ్యలో ఉన్న టైంలో బండిలోనే కూర్చుని నాలుగు రోజులుగా కొంచెం కొంచెం రాశాను. ఓపిక ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. నేను పాస్టర్ని కాదు, బైబిల్ కాలేజీ చూసినవాడిని కాదు. కువైట్‌లో ఖాదిం వీసా మీద ఉన్న ఒక ఇంటి డ్రైవర్ని. తప్పుంటే సరిచేయండి, కోపపడను.

పోయిన శుక్రవారం ఆరాధన అయ్యాక బయట నిలబడి టీ తాగుతున్నాం. మాలో కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు ఉన్నాడు. మంచి పిల్లాడే, పాటలు బాగా పాడతాడు. ఒప్పుకోలు ప్రార్థన గురించి మాట వస్తే వాడు ఇలా అన్నాడు: "అన్నా, దేవుడు మన నాన్న కదా. నాన్న దగ్గర ఇంత వణుకెందుకు? సారీ డాడీ అంటే అయిపోద్ది. క్షమించడం ఆయన పనే కదా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రూముకి వచ్చాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఏడాదిన్నర పాటు నేను బతికింది సరిగ్గా ఆ మాట మీదే.

సిగ్గు విడిచి చెప్తున్నాను. మూడేళ్ల కిందట మేం పదిమంది కలిసి చీటీ వేసుకున్నాం. నెలకి 30 దినార్లు, పది నెలలు. చీటీ నడిపింది రాయచోటి వైపు అక్క ఒకావిడ. ఇళ్లలో పని చేస్తుంది. మూడో నెలలోనే నేను పాట ఎత్తుకున్నాను, ఊళ్లో ఇంటికి స్లాబు వేయాలని. ఆరో నెల దాకా కట్టాను. ఏడో నెల నుంచి కట్టలేదు. అడిగినప్పుడల్లా ఒక కారణం చెప్పాను. జీతం ఆలస్యం అన్నాను, ఇంట్లో జబ్బు అన్నాను. నిజం ఏంటంటే కొత్త ఫోను కొన్నాను, ఆ తర్వాత అలవాటైపోయింది. నాలుగు నెలలు, 120 దినార్లు. మిగతా వాళ్లకి మాట పోకూడదని ఆ డబ్బు అక్క తన చేతి నుంచి వేసింది. నెలంతా చేస్తే ఆమెకు వచ్చే జీతం 110.

మరి నేను దేవుణ్ని క్షమాపణ అడగలేదా అంటే, అడిగాను. ప్రతి శుక్రవారం అడిగాను. కళ్లు మూసుకుని, చేతులెత్తి, ఒక్కోసారి ఏడ్చి కూడా అడిగాను. "ప్రభువా, తెలిసో తెలియకో చేసిన తప్పులు క్షమించు" అనేవాడిని. తెలిసో తెలియకో! నాకు తెలియనిది ఏముంది అందులో? పైగా కానుక పెట్టెలో 5 దినార్లు వేసి, తేలికైన మనసుతో బయటికొచ్చేవాడిని. అక్క మాత్రం అదే మందిరంలో, వెనక వరుసలో ఉండేది. ఆమె నన్ను చూసేది. నేను మాత్రం కళ్లు మూసుకుని ఉండేవాడిని.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. క్షమాపణ అడిగేటప్పుడు దేవుని మీద ఉండాల్సిన భయం, భక్తి ఏడుపులో లేవు, గొంతులో లేవు, మోకాళ్లలో కూడా లేవు. ఎవరిని అడుగుతున్నామో ఎరిగి, ఏం చేశామో దాని పేరు పెట్టి చెప్పడంలో ఉన్నాయి. నష్టపోయిన మనిషిని తప్పించుకోవడానికి దేవుణ్ని అడ్డం పెట్టుకోకపోవడంలో ఉన్నాయి.

పరలోక ప్రార్థన మనందరికీ నోటికి వచ్చు. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నదే. మత్తయి ఆరో అధ్యాయంలో దాని వరుస ఒక్కసారి చూడండి. ముందు తండ్రి అని పిలుస్తాం. వెంటనే ఆయన నామం పరిశుద్ధంగా ఎంచబడాలని కోరతాం. తర్వాత ఆయన రాజ్యం, ఆయన చిత్తం. తర్వాత రొట్టె. అయిదో మనవిగా వస్తుంది క్షమాపణ. అంటే క్షమించమని అడగడానికి ముందే మనం ఆయన పేరుని పైన పెట్టేశాం. మా తమ్ముడు చెప్పిన నాన్న అనే పిలుపు అందులో ఉంది, కాదనను. కానీ ఆ పిలుపు, పరిశుద్ధత అనే మాట పక్కపక్కనే ఉన్నాయి. మనం మొదటిది పట్టుకుని రెండోది వదిలేస్తున్నాం.

ఇంకో సంగతి. మన తెలుగు బైబిల్లో ఆ చోట పాపములు అని లేదు, ఋణములు అని ఉంది. అప్పులు! ఏడాదిన్నర పాటు ప్రతి వారం ఆ మాట నా నోటితోనే పలికాను. అప్పిచ్చిన మనిషి నాలుగు వరుసల వెనక కూర్చుని ఉండగా పలికాను. ఒక శుక్రవారం ఆ మాట దగ్గర నా నోరు ఆగిపోయింది. దర్శనం ఏమీ రాలేదు, వెలుగు ఏమీ కనబడలేదు. పక్కన అందరూ ప్రార్థన ముగించి ఆమేన్ అంటున్నారు, నేను ఆ ఒక్క మాట దగ్గరే ఉండిపోయాను.

భయభక్తులు అనే మాట గురించి కూడా చెప్పాలి. హెబ్రీలో అక్కడ ఉన్నది ఒక్క మాటే అని మా పాస్టర్ గారు చెప్పారు. తెలుగులో పెట్టినవాళ్లు రెండు మాటలు జతచేసి పెట్టారు. నాకు అది చాలా నచ్చింది. ఎందుకంటే గల్ఫ్‌లో ఉన్న మనకి ఒట్టి భయం అంటే ఏంటో బాగా తెలుసు. బండికి గీత పడితే బాబా ఏమంటాడో అనే భయం. వీసా క్యాన్సిల్ చేస్తాడేమో, టికెట్ చేతిలో పెడతాడేమో అనే భయం. ఆ భయంలో మనిషి ఏం చేస్తాడు? గీత దాస్తాడు. ఇంకొకడి మీద తోస్తాడు. ఒట్టి భయం మనిషిని నిజం చెప్పనివ్వదు. ఒట్టి భక్తి ఉంటే పాటలు పాడతాం, చప్పట్లు కొడతాం, తప్పు సంగతి మాత్రం ఎత్తం. రెండూ కలిస్తేనే మనిషి దగ్గరికి వెళ్తాడు, వెళ్లి నిజం చెప్తాడు.

మా ఊళ్లో మా అమ్మ దగ్గర నాకున్నది అలాంటిదే. అమ్మ నన్ను కొట్టి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కొట్టే శక్తి కూడా లేదు. అయినా ఆమెకు అబద్ధం చెప్పాలంటే ఫోన్లో కూడా నా గొంతు మారిపోతుంది. దెబ్బల భయం కాదది. అంత ప్రేమించిన మనిషిని మోసం చేస్తున్నానే అన్న భయం.

130వ కీర్తన చదవండి. అది యాత్రకీర్తనల్లో ఒకటి. 120 నుంచి 134 దాకా ఉన్న ఆ పదిహేను కీర్తనలు, యెరూషలేముకు ఎక్కి వెళ్లే యాత్రికులు పాడుకునేవి అంటారు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్లకి అవి ఎందుకు అంత దగ్గరగా అనిపిస్తాయో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆ కీర్తనలో భక్తుడు రెండు సంగతులు చెప్తాడు. దేవుడు లెక్క రాసుకుంటూ కూర్చుంటే ఎవడూ నిలబడలేడు అంటాడు. ఆ తర్వాత, ఆయన దగ్గర క్షమాపణ ఉంది, అందుకే జనం ఆయనకు భయపడతారు అని అర్థం వచ్చేలా చెప్తాడు.

మొదటిసారి చదివినప్పుడు ఇది తిరగబడి ఉందనుకున్నాను. శిక్ష ఉంది కాబట్టి భయం అంటే అర్థం అవుతుంది. క్షమాపణ ఉంది కాబట్టి భయం ఏంటి? ఇప్పుడు తెలుస్తోంది. శిక్షించేవాడికి భయపడటానికి విశ్వాసం అక్కర్లేదు, పోలీసుకి అందరూ భయపడతారు. లెక్క మొత్తం తెలిసి కూడా, రాసుకోకుండా, దగ్గరికి రానిచ్చేవాడి ముందు నిలబడితే వచ్చే వణుకు వేరు. "క్షమిస్తాడులే" అని ఆ క్షమాపణనే తేలిక చేసుకున్నవాడు ఈ కీర్తనని పూర్తిగా తలకిందులు చేస్తున్నాడు. నేను చేసింది అదే.

నాన్న దగ్గర ఫార్మాలిటీ ఏంటి అన్న మాటకి మలాకీ మొదటి అధ్యాయంలో సూటిగా జవాబుంది. కొడుకు తండ్రిని గౌరవిస్తాడు, పనివాడు యజమానికి భయపడతాడు, నేను తండ్రినైతే ఆ గౌరవం ఏది, యజమానినైతే ఆ భయం ఏది అని దేవుడే అడుగుతాడు. అక్కడ జనం ఏం చేశారంటే గుడ్డి జంతువుల్ని, కుంటి జంతువుల్ని బలిపీఠానికి తెచ్చారు. ఇదే మీ అధికారికి ఇచ్చి చూడు, ఒప్పుకుంటాడా అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

మన సంగతి చూసుకుందాం. ఊరికి రెండు నెలలు సెలవు కావాలంటే బాబా దగ్గరికి మనం ఎలా వెళ్తాం? మంచి టైం చూసుకుంటాం. చొక్కా సరిచేసుకుంటాం. ఏ మాట ముందు చెప్పాలి, ఏ మాట తర్వాత చెప్పాలి అని రాత్రంతా అనుకుంటాం. అరబీలో ఒక్క మాట తప్పు పోతుందేమోనని పక్కవాడిని అడుగుతాం. దేవుని దగ్గరికి వచ్చేసరికి ఫోన్లో రీల్స్ చూస్తూ చూస్తూ, నిద్ర వచ్చే ముందు, దుప్పటి కప్పుకుని "క్షమించు ప్రభువా" అని అటు తిరిగి పడుకుంటాం. దుప్పటిలో ప్రార్థన తప్పు అనడం లేదు. పద్నాలుగు గంటలు పనిచేసి వచ్చిన చెల్లి పడుకునే ప్రార్థన చేసుకుంటుంది, ఆమె అలసట దేవునికి తెలుసు. నేను అంటున్నది మనం ఇచ్చే లక్ష్యం గురించి. బాబాకి ఇచ్చేదానిలో సగమైనా ఆయనకి ఇస్తున్నామా?

అలాగని గట్టిగా ఏడ్చినవాడికే భయభక్తులు ఉన్నాయని కూడా అనుకోకూడదు. మనలో సీఎస్‌ఐ వాళ్లు పుస్తకంలో ఉన్న ఒప్పుకోలు అందరూ కలిసి చదువుతారు. కతోలికులు గురువు దగ్గరికి వెళ్లి పాపసంకీర్తనం చేస్తారు. పెంతెకొస్తు వాళ్లు పెద్దగా ఏడ్చి ప్రార్థిస్తారు. మా రూములో ముగ్గురం మూడు రకాలు. ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకోవడం నాకు ఇష్టం లేదు. పుస్తకం చూసి చదివినా మనసు పెట్టి చదవొచ్చు, పెద్దగా ఏడ్చినా మనసు లేకుండా ఏడవొచ్చు. రెండోది నేనే చేశాను. లూకా పద్దెనిమిదో అధ్యాయంలో సుంకరి దూరంగా నిలబడ్డాడు, కళ్లెత్తలేదు, రొమ్ము కొట్టుకున్నాడు, ఒక్క ముక్కలో అడిగాడు. పరిసయ్యుడు చాలా మాట్లాడాడు, కానీ అతని ప్రార్థన నిండా అతనే ఉన్నాడు. సుంకరి చెప్పిన ఆ ఒక్క ముక్కలో దేవుడూ ఉన్నాడు, అతని పాపమూ ఉంది. తేడా అదే.

ఇక్కడ కొందరు 51వ కీర్తన చూపిస్తారు. నేనూ చూపించుకున్నాను, నాకు నేనే. దావీదు నీకే విరోధంగా పాపం చేశాను అని దేవునితో అంటాడు కదా, కాబట్టి పాపం నాకూ దేవునికీ మధ్య వ్యవహారం, మధ్యలో చీటీ అక్క ఎందుకు అని. కానీ ఆ కీర్తన పైన ఏం రాసి ఉందో చూడండి. నాతాను ప్రవక్త వచ్చి గద్దించిన తర్వాత పాడినది. రెండో సమూయేలు పన్నెండులో ఆ నాతాను దేవుని మహిమ గురించి ప్రసంగం చేయలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు, అది లాక్కున్న డబ్బున్నవాడి కథ చెప్పాడు. దావీదు కోపంతో, వాడు నాలుగంతలు కట్టాలి అన్నాడు. అప్పుడు ఆ మనిషివి నువ్వే అన్నాడు ప్రవక్త. అంటే దేవుడు దావీదుని తన దగ్గరికి తెచ్చిందే అన్యాయమైపోయిన మనిషి దారిలో నుంచి. ఊరియాకి చేసిన పాపం దేవునికి చేసినదే అని దావీదు తెలుసుకున్నాడు. ఊరియాని లెక్కలోంచి తీసేయడానికి ఆ మాట అనలేదు.

ధర్మశాస్త్రం కూడా అదే చెప్తుంది. సంఖ్యాకాండం అయిదో అధ్యాయంలో, తప్పు చేసినవాడు దాన్ని ఒప్పుకోవాలి, నష్టం మొత్తం కట్టాలి, దాని మీద అయిదో వంతు కలిపి కట్టాలి అని ఉంది. జక్కయ్య అంతకంటే ముందుకెళ్లి నాలుగంతలు ఇస్తానన్నాడు. యేసు ప్రభువు కొండమీద ప్రసంగంలో చెప్పింది ఇంకా కష్టం. బలిపీఠం దగ్గర ఉండగా నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడి, తర్వాత రమ్మన్నాడు. నేను 120 బాకీ పెట్టుకుని 5 దినార్ల కానుక వేసేవాడిని. నా దినార్ల కోసం దేవుడు ఎదురుచూస్తున్నాడని ఎలా అనుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే నాకే ఆశ్చర్యం.

కొందరు అన్నయ్యలు కామెంట్లో ఏం రాస్తారో నాకు తెలుసు. "బ్రదర్, మనం కృప కింద ఉన్నాం, ధర్మశాస్త్రం కింద కాదు. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని యోహాను రాశాడు కదా." నిజమే, రాశాడు. ఆ వచనం మిగతా సగం కూడా చదవండి. అక్కడ చెప్పింది దండన గురించిన భయం. ఆ భయం పోవాలి, పోయింది, స్తోత్రం. కానీ తండ్రి అని పిలుస్తున్నారు కాబట్టే భయంతో నడుచుకోండి అని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. ధైర్యంగా రండి అన్న హెబ్రీ పత్రిక కూడా మనల్ని రమ్మంటున్నది కృపాసనం దగ్గరికి. ఆసనం అంటే సింహాసనమే కదా, టీ కొట్టు బల్ల కాదు. డబ్బు కట్టి క్షమాపణ కొనుక్కోమని నేను అనడం లేదు. 120 కట్టినా, 1200 కట్టినా నా పాపం దానితో కడగబడదు, దానికి సిలువ తప్ప వేరే దారి లేదు. కానీ అంత ఖరీదు పెట్టి ఇచ్చినదాన్ని తీసుకుని, బాకీ ఎగ్గొట్టడానికి వాడుకోవడం కృపను నమ్మడం కాదు.

రెండో వైపు కూడా చెప్పకపోతే ఈ పోస్టు కొందరికి దెబ్బ అవుతుంది. మా సంఘంలో ఒక చెల్లి ఉంది. వాళ్ల అమ్మ చనిపోయినప్పుడు సెలవు దొరక్క వెళ్లలేకపోయింది. ఇప్పటికీ ప్రతి ప్రార్థనలో దానికి క్షమించమని ఏడుస్తుంది. చెల్లీ, నువ్వు ఇది చదువుతుంటే, అది పాపం కాదమ్మా, అది దుఃఖం. నిజంగా పాపం చేసి, ఒప్పుకుని, సరిచేసుకుని కూడా ఇంకా "నన్ను క్షమించి ఉండడేమో" అని కుమిలిపోయేవాళ్లు ఉన్నారు. వాళ్లకి చెప్పేది ఏంటంటే, ఆయన క్షమించానన్నాక నమ్మడం కూడా భయభక్తులే. రాజు ఇచ్చిన మాటని అనుమానించడం వినయం కాదు. తప్పిపోయిన కుమారుడు దారిలో పెద్ద ప్రసంగమే తయారు చేసుకున్నాడు. తండ్రి దాన్ని పూర్తిగా చెప్పనివ్వలేదు. కానీ కొడుకు సారీ డాడీ అని రాలేదు, పరలోకానికీ నీకూ విరోధంగా పాపం చేశాను అని వచ్చాడు. పరుగెత్తి రావడం తండ్రి చేసే పని, మనం దాన్ని ముందే లెక్కలో వేసుకోకూడదు.

నా సంగతి ముగిస్తాను. నోరు ఆగిపోయిన ఆ శుక్రవారం తర్వాత మూడు నెలలు కూడబెట్టాను. 120కి అయిదో వంతు 24. మొత్తం 144 కవర్లో పెట్టి, ఆరాధనకి ముందే గేటు దగ్గర అక్కకి ఇచ్చాను. "అక్కా, జీతం ఆలస్యం అని చెప్పింది అబద్ధం. ఫోను కొన్నాను. నన్ను క్షమించు" అన్నాను. ఇంత చిన్న వాక్యం ఏడాదిన్నర దేవునికి కూడా చెప్పలేదు నేను. అక్క అక్కడే నిలబడి లెక్కపెట్టింది. "ఇదేంది నాయనా, ఎక్కువుండాదే" అంది. వాక్యంలో ఉందక్కా అన్నాను. "వడ్డీ అనుకుంటాలే పో" అని బ్యాగులో పెట్టుకుంది. కౌగలింపులు లేవు, కన్నీళ్లు లేవు. ఇప్పటికీ నాతో ఆమె మాట పొడిపొడిగానే ఉంటుంది. ఆమెకి ఆ హక్కుంది. దేవుడు క్షమించాడు కాబట్టి నువ్వూ వెంటనే క్షమించు అని ఆమెను నిలదీయడానికి నేనెవరిని?

ఆ రోజు మందిరంలో ప్రార్థన ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు, ఋణములు అన్నాను. ఏడుపు రాలేదు. కాళ్లు మాత్రం వణికాయి. ఏడాదిన్నరలో మొదటిసారి నేను ఎవరి ముందు నిలబడి ఉన్నానో తెలిసింది.

తమ్ముడూ, నీ మాటని పట్టుకుని పోస్టు పెట్టానని బాధపడకు. నీ పేరు చెప్పలేదు, చెప్పను. దేవుడు నాన్నే, అది వదులుకోవద్దు. ఈ శుక్రవారం వచ్చేలోపు మనం ఒక పని చేద్దాం, నేనూ చేస్తాను. "తెలిసో తెలియకో" అనే మాట ప్రార్థనలోంచి తీసేద్దాం. తెలిసి చేసినది ఒక్కటైనా పేరు పెట్టి చెప్దాం. ఆ పేరు వెనక ఒక మనిషి ఉంటే, ముందు ఆ మనిషికి ఫోన్ చేద్దాం.

పిల్లలు బయటికి వచ్చే టైం అయింది, బండి తీయాలి. దేవుడు మిమ్మల్నందరినీ దీవించును గాక. ఆమేన్.